ఉడకబెట్టని కత్తెర

చదివే తల్లీ, తండ్రీ, నువ్వెవరో నాకు తెలీదు. తెలిసింటే చెప్పలేను. నా రొమ్ము మీద ఎనిమిది దినాల బిడ్డ బరువుండాది. నేను కన్న బిడ్డ కాదు. ముప్పై ఏండ్లకు పైగా మోస్తాండా. అరవై దాటినాక మనమరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నా. ఈ వయసులో ఎందుకవ్వా అనింది. నోటితో చెప్పలేకనే నేర్చుకున్నా.

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల్లో జమ్మలమడుగులో ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాను. సూదులు, కత్తెరలు ఉడకబెట్టేది నా పని. గడియారం చూడను రాదు. నీళ్లు తెర్లి బుడగలొచ్చినాక ఒక ఆకూవక్క బాగా నమిలి ఊసేంతసేపు ఉంచమని నర్సమ్మ కొలత చెప్పింది.

ఆ పొద్దు కత్తెర గిన్నె పొయ్యి మీద పెట్టినా. నీళ్లింకా తెర్లలేదు. పులివెందుల పక్క పెద్దింటామె కాన్పయి మూడో దినం. బిడ్డకు తానం చేపియ్యాల, నీళ్లు కాచమని వాళ్లమ్మ పట్టుబట్టింది. ఉన్నది ఒకటే కిరసనాయిలు పొయ్యి. గిన్నె దించి, బిందె ఎక్కించినా. కుదరదంటే ఏమయ్యేది? అరిచేది, అంతే గదా? ఆ కత్తెర పొద్దున ఒక సేద్యగాడి కాలిపుండు కట్టు కత్తిరించింది, ఎరువుదిబ్బ మట్టి అంటిన కట్టు. లోటాడు వేడినీళ్లు పోసి తుడిచినా. తళతళలాడింది. అంతటితో శుభ్రమనుకున్నానా? లేదు. చాలదని తెలుసు.

అంతలో పరుపులు కుట్టే సాయిబు పెండ్లాం ఖాసింబీ నొప్పులతో వచ్చింది. మొదటి బిడ్డకు ఇంట్లో మంత్రసాని కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతమొచ్చి పోయినాడు. అందుకే ఈసారి వాళ్ల పల్లె నుంచి అంత దూరం ఎద్దులబండిలో వచ్చింది. నా చెయ్యి పట్టుకునింది.

“అక్కా, కత్తెర ఉడకేసినారు గదా?”

“ఉడకేసి పోపు గూడా పెట్టినా. కనేది చూడుమే!”

అంత నొప్పిలోనూ నవ్వింది. నన్ను నమ్మింది.

మొగబిడ్డ. నర్సమ్మ ఆ కత్తెరతోనే బొడ్డు కోసింది. ఏడో దినం చన్ను పట్టడం మానేసినాడు. దవడ బిగుసుకపోయి విల్లు మాదిరి వంగిన బిడ్డను ఎత్తుకోని వచ్చినారు. ఎనిమిదో దినం పోయినాడు.

బొడ్డుకు బూడిద పూసినావా అని డాక్టరు ఖాసింబీని కసిరినాడు. లేదు సామీ, పొడిబట్టే కట్టినా, అల్లా తోడు, అని ఆమె తల బాదుకుంటాంది. ఆయన నా పక్క చూసినాడు. అనుమానమో, ఊరికే చూసినాడో ఇప్పటికీ తెలీదు. “పూసింటాది సార్, ఈళ్లకు ఎంత చెప్పినా అంతే” అన్నా.

అత్త ఆడనే ఆమె జుట్టు పట్టుకునింది. మొగుడు కడప పక్క ఖాజీపేటలో పుట్టింటికి తోలేసినాడు. ఇద్దరు బిడ్డల్ని మింగిందని పేరు పడింది.

కత్తెర సంగతొకటే అయితే ఏడ్చి ఏడ్చి ఎప్పటికైనా ఊరుకుందునేమో. ఆ మాట ఎవురు అనమన్నారు నన్ను? పని పోతాదనా? పోతే ఇంకో పని చేసుకోనుంటే కాదా? ఆమె బతుకు తీసి నా బతుకు నిలబెట్టుకున్నా. తర్వాత ఏ ఒక్క సూదీ ఉడకబెట్టకుండా ఇయ్యలేదు. నీ అంత శుభ్రం ఎవురికీ లేదని కొత్త నర్సమ్మలు మెచ్చుకుంటాంటే లేచి బయటికి పోతాంటి.

ఒకసారి ఖాజీపేట బస్సెక్కినా. ఖాసింబీ వాకిట్లో కూర్చోని దూది చిక్కు తీస్తాంది, తల నెరిసింది. వీధి మొగదాల దాకా పోయి తిరుక్కోని వచ్చినా. ఇంకో పది అడుగులు నాకెందుకు రాకపోయె? మళ్లా పోయేసరికి ఆమె లేదు. ఆ పేరుతోనే మట్టిలో కలిసింది.

క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలో లేదు. చేతనైన ఆమె లేదు. అయినా రాస్తా.

ఖాసింబీ బూడిద పూయలేదు. పొడిబట్టే కట్టింది. కత్తెర నేను ఉడకబెట్టలేదు.

రాసినా. ఇప్పుడు ఊపిరాడతాంది.