మా ఆవిడ సన్నటి స్కీలు

మా ఆవిడ మీద నాకు అసూయ పుట్టిన చలికాలం నాకు బాగా గుర్తుంది. పక్క సీటువాడి ప్రమోషన్ మీద, ఎదురింటివాళ్ళ కొత్త కారు మీద అసూయపడ్డామంటే నలుగురూ నవ్వి ఊరుకుంటారు. కట్టుకున్న భార్య మీద, అదీ ఆవిడ మంచులో నడిచే నడక మీద అసూయపడ్డానంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా ఫరవాలేదు. పడ్డాను.

అప్పట్లో మేం న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను ఒక కంపెనీలో ఇంజనీర్ని. తను ఊరి లైబ్రరీలో పనిచేసేది. పిల్లలు ఇంకా లేరు. చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరింట్లో భోజనాలకు కలిసేవాళ్ళం. ఆ గుంపు మొత్తానికి స్కీయింగ్ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. డెబ్బై ఏడులో ఆఫీసు స్నేహితుడొకడు కొండ మీదికి తీసుకెళ్ళాడు. ఆ రోజు ఎన్నిసార్లు పడ్డానో నాకే తెలియదు. ఒళ్ళు హూనమైంది. కాని నేను మొండివాణ్ణి. రెండు చలికాలాలు తిరిగేసరికి కొండ పైనుంచి కిందదాకా ఆగకుండా, పడకుండా దిగడం వచ్చేసింది. భోజనాల దగ్గర గ్రీన్ కార్డుల కబుర్లు అయిపోయాక ఎవరో ఒకరు, "ఏం గురూగారూ, ఈ వారం కొండెక్కారా?" అని అడిగేవారు. అడగకపోతే నేనే మాటను అటు తిప్పేవాణ్ణి.

మా ఆవిడకు నేర్పించబోయాను కూడా. నాకు దిగడం వచ్చిన కొత్తలో, చిన్నపిల్లలు నేర్చుకునే వాలు మీద నిలబెట్టి, మోకాళ్ళు వంచు, ముందుకు వాలు, వెనక్కి కాదు ముందుకు అని అందరి ముందూ కేకలేశాను. రెండుసార్లు పడింది. మూడోసారి పడ్డాక లేచి, మంచు దులుపుకుని, స్కీలు విప్పి నా చేతికిచ్చింది.

"మీరెళ్ళండి. నేను లోపల కూర్చుని చూస్తుంటాను" అంది.

కొండ కింద చెక్కలతో కట్టిన పెద్ద హాలు ఒకటుండేది. టిక్కెట్లు, సూప్, బాత్‌రూములు అన్నీ అందులోనే. ఒక పక్క పెద్ద ఫైర్‌ప్లేస్, దాన్ని ఆనుకుని ఒక పాత చేతుల కుర్చీ. మా ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని స్వెట్టర్ అల్లుకునేది. కాళ్ళ దగ్గర కాఫీ ఫ్లాస్కు ఉండేది. అలా ఐదు చలికాలాలు, దాదాపు ప్రతి శనివారం.

నేను పైనుంచి దిగి, ఆ హాలుకు ఉన్న పెద్ద అద్దాల కిటికీ ముందు మంచు ఎగిరేలా ఒక్క మలుపు కొట్టి ఆగేవాణ్ణి. చేతికర్ర ఒకటి పైకెత్తి కిటికీకి చూపించేవాణ్ణి. బయటినుంచి చూస్తే ఆ అద్దంలో కొండే కనిపించేది తప్ప లోపలి మనుషులు కనిపించేవారు కారు. ఐనా తను చూస్తోందని నాకు తెలుసు. లోపలికి రాగానే నా కళ్ళజోడుకు ఆవిరి పట్టేసేది. గుడ్డివాడిలా తడుముకుంటూ వెళ్ళి అడిగేవాణ్ణి.

"చూశావా?"

"చూశాను. బాగా దిగారు."

అని నాకోసం ఉంచిన సగం కాఫీ ఫ్లాస్కు మూతలో పోసి ఇచ్చేది. నేను ఆ దిగుడంతా మొదటినుంచీ చెప్పేవాణ్ణి, ఎక్కడ గడ్డకట్టిందో, ఎవడు అడ్డం వచ్చాడో, ఎలా తప్పించుకున్నానో. తను అల్లుతూ వినేది. నిజం చెప్పాలంటే నేను కొండ దిగేది ఆ రెండు మాటలకోసమే. అవి వినిపించగానే మళ్ళీ పైకి పరుగెత్తేవాణ్ణి.

ఆరో చలికాలం ఒక శనివారం లోపలికొచ్చి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. అల్లిక ఉంది, ఫ్లాస్కు ఉంది, మనిషి లేదు. బాత్‌రూముకు వెళ్ళిందనుకున్నాను. పావుగంట గడిచింది. కంగారు పుట్టింది, తర్వాత కోపం వచ్చింది. చెప్పకుండా ఎక్కడికి పోయినట్టు? ఆ రోజు నా దిగుడు ఎంతో బాగా కుదిరింది, చెప్పుకోవడానికి మనిషి లేదు. గంట తర్వాత వచ్చింది. జుట్టంతా చెదిరిపోయి ఉంది, ముఖం వెలిగిపోతోంది. పెళ్ళినాడు కూడా ఆ వెలుగు చూసిన గుర్తు లేదు.

"ఏమండీ, నేనూ స్కీయింగ్ చేశాను" అంది.

"ఎక్కడ?"

"వెనకాల అడవిలో. పార్కింగ్ లాట్ అవతల షెడ్డు ఉంది చూడండి, క్రాస్ కంట్రీ స్కీలు అద్దెకిస్తారే, ఆ షెడ్డు పెద్దావిడ తీసుకెళ్ళింది. ఎప్పుడూ హలో అనుకుంటుంటాం. ఇవాళ ట్రై చేస్తావా అంది."

"ఓహో, అదా. అది స్కీయింగ్ కాదు. నడక."

"అవునండీ, నడకే. అందుకే నాకొచ్చింది" అంది, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఆ నొచ్చుకోకపోవడమే నన్ను పొడిచింది.

తర్వాతి వారం నుంచి కారు దిగగానే తను అటు, నేను ఇటు. చెయిర్‌లిఫ్ట్‌లో పైకి వెళ్తున్నంతసేపూ మెడ తిప్పి అడవి వైపు చూసేవాణ్ణి. చెట్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. కిందికొచ్చి అలవాటు కొద్దీ కర్ర పైకెత్తేవాణ్ణి. ఎత్తాక గుర్తొచ్చేది. ఎవరికి ఎత్తినట్టు? ఎవరైనా చూశారేమోనని ఆ కర్రతోనే బూటు గీరుకునేవాణ్ణి.

ఇంట్లో కూడా అదే గోల. ఆ పెద్దావిడ పాత చెక్క స్కీల జత ఒకటి మా ఆవిడకు ఇచ్చేసింది. వాటి అడుగున మైనం రాయాలి. మంచు పొడిగా ఉంటే ఒక రంగు డబ్బీ, తడిగా ఉంటే ఇంకో రంగు డబ్బీ. సరైనది రాస్తే కాలు జారకుండా పట్టు దొరుకుతుంది, తప్పుది రాస్తే ఉన్నచోటే జారుతుంది. మా ఆవిడ గుప్పెడు మంచు తీసి పిసికి, అరచేయి తెరిచి చూసి, ఏ డబ్బీయో చెప్పేసేది. అరిసెల పాకం చూసినట్టే చూసేది. తప్పేది కాదు. నేను ఇన్నేళ్ళుగా ఆ మంచు మీదే తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా చేత్తో ముట్టి చూడలేదు. "మంచులో కూడా పీహెచ్‌డీయా?" అని వెక్కిరించాను. "మీరూ పట్టి చూడండి" అని గుప్పెడు నా చేతిలో పెట్టింది. చల్లగా ఉంది. అంతకు మించి నాకేం తెలియలేదు.

అన్నిటికన్నా భోజనాల దగ్గర మండింది. ఆ నెల మా ఆవిడ అడవిలో లేళ్ళు కనిపించాయని మామూలుగా చెప్పింది. అంతే, ఆడవాళ్ళందరూ చుట్టూ మూగారు.

"వదినా, మాకూ నేర్పిస్తావా? పడిపోమా?"

"పడతారు. మెత్తగానే ఉంటుంది. చీర వద్దు, ప్యాంటు వేసుకు రండి."

ఒక ఆయనైతే ప్లేటు పట్టుకుని నా పక్కనుంచి లేచి మరీ అటు వెళ్ళాడు. ఇన్నేళ్ళలో నన్ను అందరూ మెచ్చుకున్నారు. నేర్పమని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆ సంగతి ఆ రోజే నాకు తట్టింది. పెరుగన్నం సగంలో వదిలేశాను.

అప్పుడే నిశ్చయించుకున్నాను. "ఈ శనివారం నేనూ నీతో వస్తాను" అన్నాను. సరదాగా అన్నట్టే అన్నాను. లోపలి ఉద్దేశం వేరు. నిటారు కొండ దిగేవాడికి ఈ చదును నేల ఒక లెక్కా? పది నిమిషాల్లో తనను దాటిపోవాలి. దాటాక ఆగి, వెనక్కి తిరిగి, తను వచ్చేదాకా ఓపిగ్గా ఎదురుచూడాలి. ఆ ఓపిక ముఖం ఎలా పెట్టాలో కూడా ఆలోచించుకున్నాను.

షెడ్డు పెద్దావిడ నా కొండ కోటు చూసి, అది విప్పేయమని, ఉడికిపోతావని చెప్పింది. వినలేదు. ఆవిడ ఇచ్చిన బూట్లు మామూలు కాన్వాస్ బూట్లలా పల్చగా ఉన్నాయి. స్కీలు నావాటిలో సగం వెడల్పు లేవు. బూటు ముందు అంచు మాత్రమే స్కీకి తగులుకుంటుంది, మడమ గాల్లో ఉంటుంది. నా కొండ బూట్లు మోకాలి కిందిదాకా సిమెంటు పోసినట్టు బిగించి ఉంటాయి. ముందుకు వాలితే అవే ఆపుతాయి. అలవాటుగా మోకాళ్ళు వంచి ముందుకు వాలాను. ఆపడానికి ఏమీ లేదు. ఇంకా బయల్దేరకుండానే, నిలబడ్డచోటే, ముక్కు నేలకు తగిలేలా బోర్లా పడ్డాను.

మా ఆవిడ నవ్వలేదు. నవ్వితే బాగుండేది, కోప్పడడానికి వీలుండేది. చేయి ఇచ్చి లేపింది.

"ముందుకు వాలకండి. ఊరికే నడవండి" అంది. ఐదేళ్ళ కిందట నేను కేకలేసిన మాటకు సరిగ్గా వ్యతిరేకం. అంత మెల్లగా నేను చెప్పి ఉంటే ఏమయ్యేదో.

అడవిలో మంచు మీద రెండు చాళ్ళు, రైలు పట్టాల్లా. తను వాటిలో ఒక కాలు నెట్టి జారి, ఇంకో కాలు నెట్టి జారి పోతోంది. చప్పుడు కూడా పెద్దగా లేదు. నేను వెనక కర్రలతో మంచును పొడుస్తూ, బలమంతా పెడుతూ, అడుగు ముందుకేస్తే అర అడుగు వెనక్కి జారుతూ. కోటు లోపల చెమట కాలువలు కట్టింది. కళ్ళజోడుకు ఆవిరి. ప్రతి మలుపు దగ్గరా తను ఆగి, వెనక్కి తిరిగి, నేను వచ్చేదాకా ఎదురుచూసింది. నేను ప్రాక్టీసు చేసుకున్న ఆ ఓపిక ముఖం తనకు సహజంగానే ఉంది.

అరగంటకు ఒక వాలు వచ్చింది. పెద్దదేం కాదు, మేడమెట్లు రెండు వరుసలంత ఎత్తు. నా ప్రాణం లేచొచ్చింది. ఇది నా చోటు.

"జాగ్రత్తండీ, మడమ లేస్తుంది" అంది.

"నాకు చెబుతున్నావా?" అని తనను దాటుకుని దూకాను. చల్లగాలి ముఖానికి కొట్టింది. ఆ రెండు మూడు క్షణాలు నేనే రాజుని. కింద మలుపు వచ్చింది. ఎప్పట్లా మడమతో స్కీని నెట్టి తిప్పబోయాను. మడమ ఒక్కటే తిరిగింది, స్కీ తన దారిన తిన్నగా పోయింది. నేను పొదలో కూర్చున్నాను, మోకాలు మెలిపడింది.

కోటు మీది మంచు దులుపుకుంటూ పైకి చూశాను. మా ఆవిడ స్కీల ముందు కొసలు దగ్గరగా పెట్టి, నడుం వంచి, ముసలమ్మలా మెల్లగా దిగుతోంది. చూడ్డానికి ఏమీ బాగాలేదు. కాని పడలేదు. నా పక్కనొచ్చి ఆగింది.

షెడ్డు దగ్గరికి వెళ్ళే అడ్డదారి అక్కణ్ణించి దగ్గరే. స్కీలు విప్పి తన భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాను. హాలు గుమ్మం దగ్గర ఆగి, "నువ్వెళ్ళి మిగతాది పూర్తిచేసుకుని రా" అన్నాను. మొగుడు కుంటుతుంటే ఏ ఆడది వెళ్తుంది? వద్దులెండి అంటుందనే అన్నాను.

"సరేనండీ" అని వెళ్ళింది.

లోపల ఫైర్‌ప్లేస్ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అన్నేళ్ళలో దానిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. కాలు చాపుకుని, ఫ్లాస్కు తీసి కాఫీ తాగాను. కళ్ళజోడు తుడుచుకుని, కొండ మీద ఎవరు ఎలా దిగుతున్నారో చూద్దామని తలెత్తాను.

కొండ లేదు. కుర్చీకీ ఆ పెద్ద కిటికీకీ మధ్య ఫైర్‌ప్లేస్ తాలూకు ఇటుక గోడ అడ్డంగా ఉంది. మెడ చాపాను, కుర్చీ అంచుకు జరిగాను. ఇటుకలే. అక్కణ్ణించి కనిపించేది పక్క కిటికీ ఒక్కటే. దానిలోంచి పార్కింగ్ లాట్, దాని అవతల షెడ్డు, షెడ్డు నుంచి అడవిలోకి పోయే ఆ రెండు చాళ్ళు. ఒక జంట బయల్దేరి చెట్లలోకి మెల్లగా మాయమైంది. తర్వాత ఒక ముసలాయన. ఐదు చలికాలాలు మా ఆవిడ చూసింది ఇది.

చాలాసేపటికి చెట్ల మధ్యనుంచి ఎర్ర టోపీ కనిపించింది. ఒక కాలు, ఇంకో కాలు, తొందరేం లేదు. షెడ్డు ముందు చిన్న దిగుడు దగ్గర కొంచెం తూలింది. నాకు తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచాను. నిలదొక్కుకుంది, ఆగింది. కర్ర పైకెత్తుతుందేమోనని చూశాను. కిటికీ వైపు తల కూడా తిప్పలేదు.

లోపలికొచ్చి, "కాలెలా ఉందండీ?" అని అడిగింది. ఫ్లాస్కు తీసి ఊపి చూసింది. తనకు సగం ఉంచాలని నాకు తట్టనేలేదు. తను మూత బిగించి పక్కన పెట్టింది.

"ఇక్కణ్ణించి కొండ కనిపించదు" అన్నాను.

"కనిపించదు."

"ఎప్పుడూ ఇక్కడే కూర్చునేదానివా?"

"ఇక్కడే కదండీ వెచ్చగా ఉండేది."

"మరి చూశానని చెప్పేదానివి?"

"మీరు అడిగేవారు కదా" అంది, తడిసిన చేతి తొడుగులు మంట ముందు ఆరబెడుతూ. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే వెతికి పట్టుకునేవాణ్ణి.

నా మోకాలు వంగడం లేదు కాబట్టి ఆ రోజు కారు తనే డ్రైవ్ చేసింది. నేను పక్కన కూర్చున్నాను. చెట్లలోంచి తను రావడం, ఆ తూలడం, నిలదొక్కుకోవడం, అంతా చూశాను. చూశారా అని అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. పైగా అబద్ధం చెప్పే పని కూడా లేదు. పార్సిప్పనీ గంటన్నర దూరం. ఇల్లు చేరేదాకా ఎదురుచూశాను. అడగలేదు.