తౌడుకు కొన్న పిల్ల

అంగన్‌వాడీ టీచర్ మీద నాకు కుళ్లు పుట్టింది కోడిగుడ్డు దగ్గర. మా మనవరాలికి అప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. ఇంట్లో గుడ్డు ఉడకబెట్టి, ఉప్పూ కారం అద్ది నోటి దగ్గర పెడితే మూతి తిప్పుకునేది. అక్కడేమో చాప మీద బుద్ధిగా కూర్చుని, టీచర్ ఒలిచి చేతిలో పెట్టిన గుడ్డును పలుకు మిగల్చకుండా తింటోంది. కిటికీలోంచి నేనే చూశాను. పిల్లలను కని పెంచినదాన్ని, నా చేతి గుడ్డు చేదయిందా అనిపించింది.

అప్పుడు పిల్ల నా దగ్గరే ఉండేది. కొడుకు మస్కట్‌లో. కోడలు రెండో కాన్పుకు సుల్తానాబాద్‌లో తల్లిగారింటికి పోయింది, మగపిల్లవాడు పుట్టాడు. పచ్చి బాలింత ఇద్దరినీ ఎట్లా చూసుకుంటుందని పెద్దదాన్ని మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లోనే ఉంచుకున్నాను. సంబరంగానే ఉంచుకున్నాను. కోడలు లేని ఇంట్లో పిల్ల మొత్తం నాదే కదా. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ కథ చెబుతుంటే నోరు తెరుచుకుని వినేది.

తమ్ముడు పుట్టిన తర్వాత పిల్లకు మాట తగ్గింది. కథ మధ్యలో లేచి పోయేది. ఫోన్లో తమ్ముడి ఫొటో చూపిస్తే మొహం పక్కకు పెట్టేది. "ఏమైందే?" అంటే "ఏం కాలే" అనేది. అదే పిల్ల పొద్దున అంగన్‌వాడీ గడప దాటగానే టీచర్ ఒళ్లోకి ఎక్కి చెవిలో గుసగుసలాడేది. అక్కడ గోడకు మొహాల బొమ్మలు అతికించారు. నవ్వే మొహం, ఏడ్చే మొహం, కోపంది, భయంది. వచ్చిన పిల్లలు తమ మనసు ఎట్లా ఉందో ఆ బొమ్మను ముట్టి చూపాలి. మా పిల్ల రోజూ భయపడే మొహాన్నే ముట్టేది. నాకు ఒళ్లు మండింది. నా ఇంట్లో దానికి భయమేమిటి?

ఒకరోజు టీచర్‌ను అడిగేశాను. "ఏం జెప్తది బిడ్డా, నీ చెవుల?"

ఆమె నా కోడలి ఈడుది. నవ్వి, "నన్ను నమ్మి జెప్తది అవ్వా. బయట వెడితే మళ్ల జెప్పదు" అంది.

"నా మనుమరాలి ముచ్చట నాకు తెల్వాల్నంటే నీ పర్మిషన్ గావాల్నా?"

"కోపమొచ్చిందా అవ్వా?"

"నాకెందుకు కోపం!" అని కొంగు దులుపుకుని వచ్చేశాను. పక్కింటామెతో చెప్పుకుంటే ఆమె ఇంకో పుల్ల వేసింది. "నీ కథలకు గిరాకి తగ్గింది అక్కా. ఇగ దుకాణం మూసుకో."

తర్వాత కొన్నాళ్లకు టీచరే నన్ను ఆపి పిల్ల సంచి తెరిచి చూపింది. పలక కింద తౌడు ఉంది. మా బర్రెకు పెట్టే తౌడే.

"రోజింత తెచ్చి నాకిస్తుంది అవ్వా. ఎందుకే అనడిగితే ఇయ్యాల జెప్పింది. గీ తౌడు మా బాపమ్మకిచ్చి నన్ను కొనుక్కో అంటది."

మా దిక్కు పిల్లలను ఆటపట్టించే మాట ఒకటుంది. నిన్ను మీ అవ్వ కనలేదు, తౌడు పోసి కొన్నాం అంటాం. అవ్వ అంటే మా దిక్కు అమ్మ కూడా. చిన్నప్పుడు నన్నూ అన్నారు, నా పిల్లలనూ నేను అన్నాను. పిల్ల ఉడుక్కుంటే అందరూ నవ్వి ఎత్తుకుంటారు, అంతే. తమ్ముడు పుట్టినప్పటి నుంచి వాడకట్టంతా మా పిల్లను అదే అంటోంది. "వాడు మీ అవ్వ కడుపుల పుట్టిండు. నిన్నయితే తౌడుకు కొన్నరు." నేనైతే దాన్ని కథే చేశాను. ఏ మిల్లు దగ్గర కొన్నామో, అమ్మిన ముసలిదానికి పండ్లు ఎట్లా ఊడిపోయాయో, అన్నీ చెప్పాను.

"అది నిజమే అనుకుంటుంది" అంది టీచర్. "కన్న పిల్లగాడు వచ్చిండు గద, కొన్నదాన్ని ఎవలకన్న ఇచ్చేస్తరని భయం. అది పుట్టిన ముచ్చట నాకు తెల్వదు అవ్వా. నీకే తెలుసు. నువ్వే జెప్పాలె."

ఆమె ఒక్క మాటా తప్పుగా అనలేదు. అయినా నాకు మండింది. ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా పోయి పోయి ఈమెనే కొనుక్కోమనాలా? నన్ను విడిచిపోవడానికి నా బర్రె తౌడునే మోసిందా!

ఆ సాయంత్రం చాట పక్కన పెట్టి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. కరీంనగర్ దవాఖాన, వాళ్ల అవ్వ పడ్డ నొప్పులు, నర్సమ్మ గుడ్డలో చుట్టి తెచ్చి ముందుగా నా చేతుల్లోనే పెట్టడం చెప్పాను. సుల్తానాబాద్‌కు తీసుకుపోతుంటే దారిలో వాన. ఆటో పరదా చిరిగి జల్లు కొడుతుంటే నా కొంగంతా దానికే కప్పాను.

"మరి తౌడు?" అంది.

"తౌడు బర్రెకే బిడ్డా. అందరం ఉత్తగనే అట్లన్నం. నువ్వు మీ అవ్వ కడుపులకెల్లే వచ్చినవు."

"తమ్ముని లెక్కనే?"

"తమ్ముని లెక్కనే. వానికన్న ముందుగాల నువ్వే వచ్చినవు."

"మల్ల జెప్పు."

ఫోన్ చేసి వాళ్ల అవ్వతో కూడా చెప్పించాను. తౌడు మాట ఎత్తితే ఊరుకోనని వాడకట్టంతా తిరిగి చెప్పాను. పిల్ల రోజూ ఆ కథే అడిగింది. సంచిలో తౌడు తీసుకుపోవడం మానేసింది. అన్నం దగ్గర మళ్లీ మాటలు మొదలుపెట్టింది. గెలిచాననుకున్నాను.

ఒక మధ్యాహ్నం తీసుకురావడానికి పోతే, లోపల అది టీచర్‌కు కథ చెబుతోంది. "మస్తు వాన. ఆటోల అవ్వ ఉన్నది, బాపమ్మ ఉన్నది, నువ్వు ఉన్నవు."

"ఆటోల టీచర్ ఏడికెల్లొచ్చిందే?" గడపలో నుంచే అరిచాను.

"ఉన్నది" అంది, నా వైపు చూడనైనా చూడకుండా.

"నేను లేనే. అప్పుడు నువ్వెవలో నాకెర్క లేదు" అంది టీచర్, నవ్వు ఆపుకుంటూ.

"ఉన్నవ్!"

ఇంటికి వచ్చాక మళ్లీ కథ చెప్పమంది. టీచర్ ఎక్కందే ఆటో కదలడానికి వీల్లేదంది. సరే, ఎక్కించాను. డ్రైవర్ పక్కన, జల్లు కొట్టే వైపు కూర్చోబెట్టాను. పిల్ల మాత్రం నా ఒళ్లోనే ఉంది.