కారు సీట్లు కుట్టిన బావ

ఊళ్లో సినిమా హాలు మూతపడటంతో, ఇన్నాళ్లూ దాని కుర్చీలు కుట్టిన ఆయనకు గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే రోజులొచ్చాయి. చూసి చూసి, కార్ల షెడ్డు నడుపుతున్న బావమరిది కబురు పెట్టాడు. అక్కడో ఖరీదైన కారు ముందు సీట్లు తోలు చిరిగి, కూర్చునే చోట గుంటలు పడి ఉన్నాయి.

సీటులోని ఎయిర్‌బ్యాగు పొరపాటున పేలకుండా బావమరిది ముందుగా బ్యాటరీ వైరు తీసి, కాసేపు ఆగి, బోల్టులు విప్పాడు. సీటు కింది వైర్లు ఊడదీశాక ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. ఆయన అడుగు తీసి అడుగు వేయడానికి జంకాడు.

"ఎందుకు బావా అంత భయం? అది సీటే, కరవదు."

"దీని ఖరీదుకి మనిద్దర్నీ అమ్మినా చాలదురా!"

సీటు బల్ల మీదికి చేరాక ఆ జంకు ఎటు పోయిందో! పాత తోలు కుట్లు విప్పి, దాన్నే కొలతగా పరిచి కొత్తది కత్తిరించాడు. అణిగిపోయిన స్పాంజి మార్చాడు. ముడత కనిపించిన ప్రతిసారీ విప్పి మళ్లీ చేత్తోనే కుట్టాడు. రెండో సీటూ అలాగే పూర్తి చేశాడు.

సీట్లు బిగించి, వైర్లు కలిపి స్విచ్ నొక్కితే సీటు మెత్తగా ముందుకు జరిగింది. కారు యజమానురాలు ఎక్కి వెనక్కి వాలింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది!"

ఆమె వెళ్లాక బావమరిది, "రేపు నీ కుట్టుమిషన్ ఇక్కడికే తెచ్చేసుకో బావా," అన్నాడు.

ఆ పూట భోజనంలో ఆయన చాలా రోజులకి మారు వడ్డించమన్నాడు.