నీళ్ళల్ల మిగిలిన ఒక్కడు

ప్రతి ఆదివారం కొల్లాపూర్‌లో చేపలు అమ్ముకున్నాక, ఖాళీ గంపతో మా జిరాక్స్ షాపు ముందు ఆగుతాడు మల్లేశం మామ. కూర్చోమన్నా కూర్చోడు. గడప బయటే నిలబడి ఒకటే మాట అడుగుతాడు.

"పిలగాడు బయటికొచ్చిండా, సార్?"

"ఇంక లేదు మామా. చూస్తున్న," అంటాను.

తలూపి వెళ్ళిపోతాడు. మూడేళ్ళుగా ఇదే వరస. మాకు చుట్టరికమేమీ లేదు గానీ, అంతకు ముందు నన్ను నోరారా అల్లుడా అని పిలిచేవాడు. ఆ సార్ అనే పిలుపు నాకు చెంపదెబ్బ. తగిలినట్టు కనబడకుండా నవ్వడం నేర్చుకున్నాను.

మామకు కృష్ణ ఒడ్డున గుండ్రటి పడవ, ఒక పుట్టి, రెండు వలలు ఉన్నాయి. నదిలో ఎవరు మునిగినా జనం ముందు పరుగెత్తేది ఆయన ఇంటికే. ఆయన భార్య లచ్చమ్మత్త తిట్టుకుంటూనే తువ్వాల చేతికిచ్చి పంపుతుంది. మునిగి చనిపోయినవాళ్ళను ఇప్పటికి ఇరవై తొమ్మిది మందిని బయటికి తెచ్చాడు. ఒకరి కోసమైతే మూడు రోజులు దిగాడు. వాళ్ళందరి పేర్లూ ఆయనకు గుర్తే.

ఆయన పనికి ఒక పద్ధతుంది. ఒడ్డు చేరకముందే ముక్కులో, నోట్లో ఇసుక కడుగుతాడు. తన తువ్వాల ముఖం మీద కప్పుతాడు. కన్నవాళ్ళు ఒక్కసారిగా ఆ ముఖం చూడకూడదని. ఇక ఒకసారి పైకి తెచ్చాక కాలి వేలు కూడా మళ్ళీ నీటికి తగలనివ్వడు. "మల్ల నీళ్ళకు ఇచ్చినట్లయితది," అంటాడు. ఇదెవరూ ఆయనకు నేర్పింది కాదు.

ఆ పద్ధతిని చెడగొట్టింది నేనే.

షాపు నడుపుకుంటూనే ఒక టీవీ ఛానల్‌కు స్ట్రింగర్‌గా, అంటే ఊరి వార్తలు పంపే విలేకరిగా చేసేవాణ్ణి. మూడేళ్ళ కింద చరణ్ అనే డిగ్రీ కుర్రాడు దోస్తులతో స్నానానికొచ్చి మునిగిపోయాడు. వాళ్ళది వనపర్తి. నా బండి దారిలో పంక్చరైంది. ఛానల్ ఆఫీసులో వార్తలు చూసే డెస్క్ నుంచి ఒకటే ఫోన్లు: "బయటికి తీసే విజువల్ కావాలి, పక్క ఛానల్‌కు ముందే రావాలి." నేను చేరేసరికి మామ చరణ్‌ను పుట్టిలోకి ఎక్కించేశాడు. తువ్వాల కూడా కప్పేశాడు.

"మామా, ఒక్కసారి మళ్ళ నీళ్ళల్లకు దించి పైకి తే. విజువల్ కావాలె," అన్నాను.

నా వైపు అసహ్యంగా చూశాడు. అప్పుడు నాకు ఆయన ఆశ గుర్తొచ్చింది. లోతుగా ఉన్న ఆ చోట హెచ్చరిక బోర్డు పెట్టి గొలుసు కట్టాలని ఆయన తిరగని ఆఫీసు లేదు.

"టీవీల వస్తె పెద్దోళ్ళు చూస్తరు మామా. బోర్డు వెడ్తరు. ఇంకొకరు మునగరు."

ఆ ఒక్క మాటకు లొంగిపోయాడు. తువ్వాల తీసి, నడుములోతు నీటిలో చరణ్‌ను మెల్లగా వదిలాడు. సరిగ్గా అప్పుడే ఆటో దిగింది వాళ్ళమ్మ అమృతమ్మ. ఆమెకు కనిపించింది నీటిలోకి జారుతున్న కొడుకు చెయ్యి ఒక్కటే.

"బతికుండు! నా కొడుకు బతికుండు! చెయ్యి కదిలింది!" అని అరుస్తూ నదిలోకి పరుగెత్తింది.

మామ ఒక చేత్తో కొడుకును, ఒక చేత్తో తల్లిని పట్టుకొని ఏడ్చాడు. నేను కెమెరా దించలేదు. దించి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఛానల్ రోజంతా తిప్పింది. ఆమె కేకకు వెనక ఏడుపు సంగీతం కలిపారు. ఆమె ముఖం చుట్టూ ఎర్ర గీత గీసి యూట్యూబ్‌లో పెట్టారు. నాలుగు లక్షల మంది చూశారు, డెస్క్ నన్ను శెభాష్ అంది. అందులో బోర్డు మాట లేదు. అక్కడ బోర్డు ఇప్పటికీ లేదు.

వారం తిరిగాక మామ షాపుకొచ్చాడు. ఊళ్ళో ఎవరో ఫోన్‌లో అది చూపించారట. "దాన్నిట్లనే ఉండనిస్తరా? అందులకెళ్ళి పిలగాన్ని బయటికి తే, సార్," అన్నాడు. ఛానల్‌తో మాట్లాడతానన్నాను. మాట్లాడలేదు. నెలకు నాలుగు అబద్ధాల చొప్పున మూడేళ్ళు గడిపేశాను.

పోయిన ఆదివారం మళ్ళీ అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. నిజానికి కోపం నా మీదే.

"అది నాతోని కాదు మామా! ఛానలోళ్ళ చేతిల ఉంది. ఇన్నేండ్లయింది, ఇంక ఇడిసిపెట్టు!"

ఆయన గంప కింద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"ఎట్ల ఇడుస్త? ఎవలు చూసినా పిలగాడు మల్ల మునుగుతుండు. నేనే ముంచుతున్న. వాళ్ళమ్మ మల్ల ఉరుకుతుంది. అందరినీ ఒడ్డుకు తెచ్చిన సార్. ఆ ఒక్కడే ఇంక నీళ్ళల్ల ఉన్నడు."

ఆయన వెళ్ళాక షట్టర్ సగం దించి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేను దాన్ని వీడియో అనుకున్నాను. చరణ్ అనుకున్నది ఆయన ఒక్కడే. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే ఛానల్‌కు మెయిల్ రాశాను. ఆ విజువల్ నిజంగా జరిగింది కాదని, బయటికి తెచ్చిన శవాన్ని, మామకు బోర్డు ఆశ చూపి నేనే మళ్ళీ నీళ్ళలోకి దింపించానని, దాన్ని తీసేయాలని. కింద నా పేరు, ఊరు పెట్టి అదే మాట స్ట్రింగర్ల గ్రూపులోనూ పెట్టాను. పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు. వీడియోను మాత్రం తీయలేదు. మరునాడు వనపర్తి వెళ్ళి అమృతమ్మకు అంతా చెప్పాను. ఆమె తలుపు వేసుకుంది. ఆ తలుపు ముందే చాలాసేపు నిలబడి తిరిగొచ్చాను.

ఈ ఆదివారం మామ వచ్చాడు. అదే గడప, అదే మాట.

"పిలగాడు బయటికొచ్చిండా?"

"రాలే మామా," అన్నాను. "రాసిన. నేను చేసిందంత రాసిన. ఉద్యోగం వోయింది, అది మాత్రం పోలే. వాళ్ళమ్మకు గూడ చెప్పిన."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఈసారి అబద్ధం లేదని తెలిసినట్టుంది. గడప దాటి లోపలికొచ్చి, స్టూలు లాక్కొని కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగాడు.

"మొదటి రోజే ఎవలూ దొరకరు," అన్నాడు చెంబు కింద పెడుతూ. "రేపు మల్ల దిగు, అల్లుడా."