తుపాకి ఉన్న ఇంటికి కేకేసి రావాలి

మా ఇంట్లో ఒకప్పుడు తుపాకి ఉండేదంటే ఎవరూ నమ్మరు. నన్ను చూసినవాళ్లు అసలే నమ్మరు. బొద్దింకను చూసి మంచమెక్కే మనిషి ఇంట్లో తుపాకేంటని వాళ్ల సందేహం. సబబే.

చర్ల రోడ్డు మీద మాకో పిండి గిర్ని ఉండేది. గిర్ని వెనక ఇల్లు, ఇంటి వెనక దొడ్డి, దొడ్డి దాటితే చేలు, చేలు దాటితే అడవి. అడవిపందుల నుంచి పంటను కాపాడుకోవడానికని తాత ఏనాడో లైసెన్సు తీసుకున్న ఒంటి గొట్టం తుపాకి అది. పందులు దాన్ని ఎన్నడూ పట్టించుకున్నట్టు లేదు. తాత పోయాక కొన్నేళ్లు భద్రాచలంలో పోలీసుల దగ్గరే పడి ఉంది.

సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం జనం నీళ్ల ట్యాంకు ఎక్కుతున్న రోజులవి. పక్క ఊళ్లో దొంగలు దొడ్డివైపు నుంచి ఒకరింట్లో దూరి, ఇంటాయన తల పగలగొట్టి, బంగారం పట్టుకుపోయారు. ఆ కబురు మా గిర్ని దాకా వచ్చేసరికి ఇద్దరు దొంగలు పెద్ద దండు అయ్యారు. వింటూ నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. తల పగిలినాయన నాన్న స్నేహితుడు. దవాఖానాలో ఆయన్ని చూసొచ్చిన రోజు నాన్న అన్నం ముందు కూర్చుని, తినకుండా లేచిపోయాడు. తరవాత ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తన పేరుకు మార్పించుకున్నాడు. తుపాకిని పాత దుప్పట్లో చుట్టి, పర్ణశాల వెళ్లే భక్తుల మధ్య బస్సులో నిలబెట్టుకుని తెచ్చాడు. అదేంటని కండక్టర్ అడిగితే గొడుగన్నాడట. అది నడివేసవి.

"దీన్నెందుకు తెచ్చినవ్?" అంది అమ్మ.

"ఇంట్ల ఒకటుంటే దొంగ జంకుతడే."

"ఇదుందని తెలిస్తే అడవిలకెళ్లి అన్నలొస్తరు, స్టేషన్లకెళ్లి పోలీసులొస్తరు. ఆళ్లకంటె దొంగే నయం, ఒక్కసారొచ్చి పోతడు."

"మరి వచ్చి మీద పడితే ఏం చేస్తవ్? చర్చి పాట పాడతవా?"

"పాడత. నువ్వు గూడ అందుకో, ఇంకా జల్దీ పోతడు."

చివరికి రాజీ కుదిరింది. తుపాకి బీరువా మీద ఉంటుంది. తూటాలు మాత్రం అమ్మ అధీనంలో, బియ్యం డబ్బా అడుగున. అంటే దొంగ వస్తే నాన్న ముందు అమ్మను లేపాలి, అమ్మ దీపం వెయ్యాలి, బియ్యం చేటలోకి వొంపాలి, ఈలోగా దొంగ మంచినీళ్లు తాగుతూ కూర్చోవాలి. అంత ఓపికే ఉంటే వాడికి సర్కారు ఉద్యోగం దొరికేది కదా అన్నాను. నాన్న నా డిగ్రీ సప్లిమెంటరీల సంగతి ఎత్తాడు. మా ఇంట్లో అసలు తుపాకి అదే, ఎప్పుడూ నిండే ఉండేది.

ఆ నెల పాస్టరుగారు ప్రార్థనకు వచ్చి, మొదటిసారి కళ్లు తెరుచుకుని ప్రార్థన చేశారు. బీరువా మీదికి చూస్తూ.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. గుమ్మం బయట నిలబడి పిలిచేవాడు పరాయివాడు. కరెంటు బిల్లాయన, ఫారెస్టు గార్డు, పోలీసు అట్లా పిలుస్తారు. మనవాళ్లు పిలవరు. దొడ్డివైపు నుంచి వస్తారు, కుండలో నీళ్లు ముంచుకుని తాగుతారు, కూర్చుంటారు. ఇంట్లో ఎవరూ లేకపోతే గుప్పెడు తునికిపండ్లో, ఆకులో చుట్టిన ఇప్పపూలో పొయ్యిగట్టు మీద పెట్టి పోతారు. ఎవరు వచ్చి వెళ్లారో వాటిని చూసి అమ్మ చెప్పేది.

అట్లా వచ్చేవాళ్లలో మొదటిది కోయగూడెం పెద్దమ్మ. రక్తసంబంధం లేదు. అమ్మ కొత్తకోడలుగా ఈ ఊరొచ్చి, అడవిని చూసి ఏడుస్తుంటే, ఆమే దొడ్డిలోంచి వచ్చి పక్కన కూర్చుందట. అప్పటికి ఆమె తెలుగు అమ్మకు సగమే అర్థమయ్యేది. ఆ సగంతోనే అక్కాచెల్లెళ్లయ్యారు. గంప దింపి, చప్పుడు కాకుండా వచ్చి, పొయ్యి దగ్గరున్న అమ్మ భుజం మీద వెనక నుంచి చెయ్యి వేసేది. ఎన్నేళ్లయినా అమ్మ ఉలిక్కిపడేది. ఎన్నేళ్లయినా ఇద్దరూ అంతే నవ్వేవారు. తరవాత ఆమె పీట మీద కూర్చునేది. మాట్లాడుకునేది తక్కువే. ఒకరు చింతపండు గింజ తీస్తుంటే ఇంకొకరు చూస్తుండేవారు. ఇందులో ఏముందే అని నాన్న అడిగితే, నీకు తెల్వదులే అనేది అమ్మ.

ఒక మధ్యాహ్నం నాన్న భోజనం చేసి కునుకు తీస్తున్నాడు. అమ్మ గిర్ని దగ్గరుంది. దొడ్డిలో అడుగుల చప్పుడైంది. నాన్న నిద్రమత్తులో లేచి, బీరువా మీది తుపాకి అందుకుని, వెనక తలుపు తన్ని బయటికి దూకాడు. నేనూ వెనకే పరుగెత్తాను, వీరత్వంతో కాదు, ఆయన లుంగీ ఊడినట్టుందని చెప్దామని.

తుపాకి గొట్టానికి ఎదురుగా తునికిపండ్ల గంపతో పెద్దమ్మ.

ఆమె గొట్టాన్ని చూసింది. నాన్నను చూసింది.

"పందొచ్చిందా తమ్మీ?" అంది.

"లేదక్కా," అన్నాడు నాన్న. "నువ్వొచ్చినవ్."

తూటాలు బియ్యంలో ఉన్నాయని ముగ్గురిలో ఆమెకొక్కదానికే తెలియదు. అయినా అందరికంటే ఎక్కువ వణికింది నాన్న. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కాసేపటికి తేరుకుని, చాలా మర్యాదగా అన్నాడు: "అక్కా, ఇగ నుంచి వచ్చేటప్పుడు బయటనే ఓ కేకెయ్యి. ఎవరో ఏందో తెల్వక నా చేతుల ఏమన్న అయితది."

"ఎవరో తెల్వకనా?" అంది పెద్దమ్మ. గంప సర్దుకుని, "అవ్ తమ్మీ, వేస్త," అంది.

నాన్న ఆ సాయంత్రమే దొడ్డి తడికకు గొళ్లెం పెట్టించాడు. ఆయన దృష్టిలో అది ఆమె ప్రాణం కాపాడటం.

తరవాత సంతరోజు పెద్దమ్మ వచ్చింది. దొడ్డివైపు కాదు, రోడ్డువైపు. గిర్ని ముందు జనంలో నిలబడి, లోపలున్న అమ్మను కేకేసింది.

"అమ్మా, జొన్నలు పట్టాలె!"

చెల్లె అనలేదు. అమ్మా అంది. మా అమ్మ చేతిలోని చేట అట్లాగే ఉండిపోయింది.

"లోపలికి రా అక్కా."

"పోవాలె. పొద్దుపోతది."

పిండి పట్టించుకుని, అందరితోపాటు వెళ్లిపోయింది. ఆ తరవాత కూతురితో జొన్నలు పంపేది. తను రాలేదు.

అమ్మ దెబ్బలాడితే బాగుండేది, నాకు నాలుగు జోకులు దొరికేవి. మధ్యాహ్నాలు పొయ్యి దగ్గర పీట వాల్చి, ఎదురుగా తను కింద కూర్చుని చింతపండు గింజ తీసేది. నేను వెళ్లి ఆ పీట మీద కూర్చున్నానొకసారి. "లెవ్వురా," అంది. కోపంగా కాదు. బస్సులో రుమాలు వేసిన సీటు గురించి చెప్పినట్టు. నాకు జోకు తట్టని సందర్భాలు తక్కువ, అది వాటిలో ఒకటి.

ఆ తరవాత ఎన్నికలొచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి. నాన్న మళ్లీ దుప్పటి చుట్టాడు. అమ్మ ఎప్పుడూ లేనిది బస్సు దాకా సాగనంపింది, మనిషిని కాదు, తుపాకిని. ఎన్నికలయ్యాయి. గెలిచినవాళ్లు గెలిచారు. నాన్న స్టేషన్ ఊసెత్తలేదు. చివరికి అమ్మే అడిగింది.

"తెచ్చుకోవా?"

నాన్న గిర్ని బెల్టు సరిచేస్తూ, తలెత్తకుండా అన్నాడు: "ఉండనీ. గా రోజు తూటాలు నా దగ్గరుంటే ఏమయ్యేదో యాదికొస్తే చేతులు పని చేస్తలెవ్వు."

"దొంగలొస్తే?"

"పాట పాడదాంలే."

మర్నాడు అమ్మ తడిక గొళ్లెం తనే ఊడబీకి, నన్ను వెంటేసుకుని కోయగూడెం పోయింది. పెద్దమ్మ ఇంటి ముందు ఆగలేదు, పిలవలేదు. నేరుగా లోపలికి పోయి, కుండలో నీళ్లు ముంచుకు తాగి, కూర్చుంది. పెద్దమ్మ వెదురు చీలుస్తున్నది ఆపి చాలాసేపు చూసింది.

"కేకెయ్యకుంట వచ్చినవేంది చెల్లె?" అంది.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను కోళ్లను లెక్కపెడుతున్నట్టు నటించాను.

పెద్దమ్మ మళ్లీ రావడం మొదలుపెట్టింది. దొడ్డివైపు నుంచే వస్తుంది, నీళ్లు ముంచుకుంటుంది, పీట మీద కూర్చుంటుంది. కానీ తడిక దగ్గర ఆగి, ఒకసారి దగ్గుతుంది. చిన్న దగ్గు. అది తనకే తెలియదనుకుంటా. మొదట్లో నేను దగ్గుమందు సీసా తెచ్చి గట్టు మీద పెడితే ఆమె నవ్వింది, అమ్మ నవ్వలేదు.

తుపాకి తిరిగి రాలేదు, దాని గురించి మళ్లీ ఎవరూ అడగలేదు. దగ్గు మాత్రం పోలేదు. ఇప్పటికీ అమ్మ మధ్యాహ్నాలు దొడ్డి వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. ఎండ ముఖాన పడుతోంది, ఇటు తిరగవే అని నాన్న అంటాడు. తిరగదు. ఆకు కదిలిన చప్పుడైనప్పుడల్లా ఆమె భుజం కొంచెం బిగుసుకుని, ఉలిక్కిపడటానికి సిద్ధంగా ఉంటుంది.

అప్పుడు తడిక అవతల దగ్గు వినిపిస్తుంది. "రా అక్కా," అంటుంది అమ్మ, వెనక్కి తిరిగి.