జింకు కొలిచే సీసాలకు దసరా బొట్టు

“తాళంచెవి ఇటియ్యి పిల్లా. పండుగ నాడు పనిముట్లకు బొట్టు పెట్టకుంటే ఎట్ల? మన కొట్ల త్రాసుకు పెడుతలేమా, తూకం తప్పిందా?”

“త్రాసు మీద చిటికెడు కుంకుమ రాలితే తెల్వది అత్తమ్మా. నా మిషినుకు తెలుస్తది.”

“గంత సుకుమారమా?”

“మీ లెక్కనే. జర దుమ్ము కనవడ్డా ఊకోదు.”

దసరా పొద్దున మా కోడలికీ నాకూ జరిగిన వాదన ఇది. తను హన్మకొండలో ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేసేది. మేలిమి అల్యూమినియం ముక్కను ఆమ్లంలో కరిగించి, అందులో జింకు ఎంత దాగి ఉందో కొలవాలి. బియ్యం బస్తాల గుట్టలో ఒక్క వడ్లగింజను వెతికినట్టని నాకు చెప్పింది. ముందుగా లోహం వేయకుండా ఉత్త ఆమ్లమూ నీళ్లూ కొలుస్తారు. అందులో జింకు కనబడితే అది సీసాలదో, చేతులదో, గాలిదో. కోడలికి చాలాకాలం అదే కనబడింది. సీసాలు ఆమ్లంలో నానబెట్టి, అందులోనూ జింకు ఉంటుందని తను ముఖానికి పౌడరు మానేశాకే తగ్గింది. తెల్లవారితే, ఆ పని అప్పగించిన సారు ముందు కొలిచి చూపాలి. మళ్లీ ఎక్కువ వస్తే ఆ పని ఇంకొకరికి ఇస్తామన్నారు.

ఆ ల్యాబులో ప్రతి దసరాకు ఎవరి మిషినుకు వాళ్ల ఇంటివాళ్లు వెళ్లి బొట్టు పెట్టేవారు. నేను పళ్లెం సర్దుకున్నాను. తనేమో మిషిను గదికి తాళం వేసి వచ్చింది.

“మన కొట్టు కుంకుమల కల్తీ లేదు” అన్నాను.

“కల్తీ అంటలేను. మొన్న చిటికెడు తీస్కపోయి చూసిన. ముల్లు ఆ కొసకు పోయింది.”

“జింకు ఉన్నదా దాంట్లె?”

“నొసటికి ఫికర్ లేదు అత్తమ్మా. నా సీసలకే ఎక్కువైతది.”

 ఎన్నో ఏళ్లు కుంకుమ పొట్లాలు కట్టిన చేతులు నావి. డబ్బా మూత తీస్తే చాలు, కొంగు దాకా ఎర్రబడేది. ఆ దుమ్ము సంగతి నాకొకరు చెప్పనక్కరలేదు.

“పడేసే సీస ఒక్కటన్న లేదా?”

“మూత ఇరిగింది ఉన్నది.”

“దాన్ని ఇంటికి తే. అన్నిటి పేరు మీద దానికే బొట్టు.”

“మరి కొబ్బరికాయ?”

“త్రాసుకు కొట్టిందే సాలు. ఇరిగిన సీసకు ఇంకో కాయెందుకు?”

తను నవ్వి, ల్యాబుకు వెళ్లి సీసా తెచ్చింది. త్రాసు పక్కన నిలబెట్టి, బొట్టు పెట్టి, బంతిపువ్వు తగిలించాను. మా ఆడబిడ్డ వచ్చి వింతగా చూసింది.

“గిదేం దేవుడు వదినె?”

“జింకు దేవుడు. దండం పెట్టు.”

పెట్టింది పాపం.

మర్నాడు పొద్దున కోడలు ఉతికిన నూలు చీర కట్టుకొని, కుంకుమకు బదులు స్టిక్కరు పెట్టుకొని మొదటి బస్సుకు వెళ్లింది. సారు ముందు ఉత్త ఆమ్లమూ నీళ్లూ కొలిస్తే ముల్లు కదిలీ కదలనట్టు ఆగింది. తర్వాత అల్యూమినియం కొలిచి చూపింది. ఆ పని తనకే ఉంచారు.