అతిమధురం కోసం కమలాపురం దాకా

కోసిగి నుంచి కమలాపురానికి నేను బయల్దేరింది ఊళ్లు చూద్దామని కాదు, ఒక టీచరమ్మతో కొట్లాడదామని. మోకాళ్ల నొప్పికి పరగడుపున మాత్రలు మింగి మింగి కడుపులో పుండు తెచ్చుకున్నా. ఆదోని డాక్టరు మందులిచ్చి, కారం మాన్పించినాడు. వాటికి తోడుగా, మా ఆవిడకు చిన్నప్పుడు చదువు చెప్పిన సుగుణమ్మ టీచరు కమలాపురం నుంచి ఏవో వేళ్లు పంపింది. మా ఆవిడ దంచి పొడి చేసింది. నెల తిన్నా. మంట తగ్గలేదు సరికదా, నేను తేన్పినప్పుడల్లా ఆదోని మార్కెట్టులో పత్తి బేళ్ల మీద నీళ్లు చల్లుకుంటున్నారు. నమ్మకపోతే మీ ఇష్టం.

పొద్దున ఆరున్నరకు రైలెక్కి, గుంతకల్లులో కడప వైపు బండికి మారినా. ఈ దారిన వచ్చేవాళ్లు నీళ్ల సీసా అక్కడే నింపుకోండి. గుత్తి దాటినాక ఎండ కిటికీలోంచి వచ్చి, టిక్కెట్టు లేకుండానే పక్కన కూర్చుంటుంది.

తాడిపత్రిలో ఎక్కిన పెద్దాయన జొన్నరొట్టెల మూట విప్పినాడు. నా పొడి డబ్బా తెరవగానే ఆయన ముక్కు ఇటు తిరిగింది.

"ఏందప్పా అది? వాసన శానా బాగుండాది."

"కడుపు పుండుకు మందు."

రొట్టెకు అద్దుకుని రెండు తిన్నాడు. "ఇట్లాంటి మందైతే నాకూ ఒక పుండు కావాల!" అని ఎర్రగుంట్లలో దిగిపోయినాడు.

పన్నెండు గంటలకు కమలాపురం. సుగుణమ్మ టీచరు మజ్జిగ ఇచ్చి, నా పొడి చిటికెడు నాలుక మీద వేసుకుంది. కళ్లలో నీళ్లు!

"ఏమప్పా, నేను పంపింది అతిమధురం వేరు. తియ్యగుండాల. ఈ మంట యాడిది?"

ఫోను చేస్తే మా ఆవిడ తడుముకోలేదు. "తియ్యటి పొడి మనుషులు తింటారా టీచర్? పది ఎండుమిరపకాయలు, ఎల్లిపాయ వేసి దంచినా."

టీచరు నా వైపు తిరిగింది. "నీ నాలుకకు తెలియలేదా?"

కారం మానిన నోటికి అది వరమై దొరికిందని, అందుకే నోరెత్తలేదని ఎట్లా చెప్పేది? మజ్జిగ తాగినా.

"కడుపు లోపల జిగురు పొర ఒకటి ఉండాది. ఆమ్లం పుండు దాకా పోకుండా అదే గోడ. ఈ వేరులోని సారం ఆ గోడను మందం చేస్తాది. నువ్వు మేస్త్రీని పంపి, వెనకాలే గునపాలు పంపినావు. డాక్టరు మాత్రలు మానొద్దు. బీపీ ఉండాదా? ఉంటే ఇది కూడా వద్దు."

లేదన్నా. తానే దంచిన పొడి కొత్త డబ్బాలో పోసిచ్చింది.

నాలుగు గంటల బండి ఎర్రగుంట్లలో ఆగితే, పొద్దుటి పెద్దాయనే ఎక్కినాడు. "మందుండాదా అప్పా?" అంటూ రొట్టె ముక్క కొత్త డబ్బాలో ముంచి నోట్లో వేసుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది.

"థూ! చెడిపోయిందప్పా ఇది!"

నెల రోజుల్లో మొదటిసారి నాకు నమ్మకం కుదిరింది. ఇది మందే.

గుత్తి దగ్గర మా ఆవిడ ఫోను: "పొడి తెస్తాండావా? రోలు కడిగి పెట్టినా."

"బోర్లించు తల్లీ," అన్నా, "నేను ఇంటికొచ్చేలోపల."